రోడ్డు లేని ఊరికి రైలు

"పోలార్ బేర్ ఎక్స్‌ప్రెస్" అని పేరు పెట్టారు కదా, కిటికీలోంచి తల బయట పెడితే తెల్ల ఎలుగుబంట్లు బారులు తీరి మనకు టాటా చెబుతాయనుకున్నాను. మీరైనా అలాగే అనుకుంటారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను తిట్టుకోవద్దు. ఈ రైల్లో అయిదు గంటలు కూర్చున్నా ఒక్క ఎలుగుబంటి కూడా కనబడదు. అవి ఉండే సముద్రతీరం ఇంకా చాలా ఉత్తరాన ఉంది. చూసి తీరాలంటే రైలెక్కక ముందే, అది బయల్దేరే కాక్రేన్ అనే ఊళ్ళో, ఎలుగుల్ని సాకే ఒక కేంద్రం ఉంది, అక్కడ టిక్కెట్టు కొనుక్కుని చూడాలి. రైలు దిగాక కాదు!

మరి ఎలుగుబంటి లేని ఎలుగుబంటి బండి ఎందుకెక్కావయ్యా అంటారా? రెండు కారణాలు. ఒకటి సినిమా. రెండోది మా మనవరాలు.

2023 వేసవిలో నేనూ మా ఆవిడా టొరొంటోలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. నేను బందరువాణ్ణి. బ్యాంకులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరైనవాణ్ణి. వెళ్ళేటప్పుడు పెట్టెలో పచ్చళ్ళూ, బందరు లడ్డూలూ, వాటితో పాటు ఒక పలకా బలపాల డబ్బా కూడా పెట్టుకున్నాను. మనవరాలికి పదేళ్ళు. తెలుగు కొంచెం అర్థమవుతుంది, నోట మాత్రం రాదు. ఈ మూడు నెలల్లో అక్షరాలన్నీ దిద్దించి తీరాలని నా పంతం.

మొదటివారం గడవకుండానే పలక గోడకు చేరింది. "నాకు ఆ సున్నాలొద్దు" అని పిల్ల ఏడుపు. నేను గొంతు పెంచాను. కోడలు వంటింట్లోంచి మాట్లాడకుండా చూసింది. "వదిలెయ్యండి నాన్నా, సెలవుల్లో దాన్నెందుకు ఏడిపిస్తారు?" అన్నాడు మావాడు. ఇంక చూడండి, నాకూ పిల్లకీ మాటల్లేవు. భోజనాల బల్ల దగ్గర ఒకరి కంచంలోకి ఒకరం చూడకుండా తింటున్నాం.

పదమూడు నిమిషాల సినిమా

ఆ గొడవ చల్లార్చడానికి ఓ రాత్రి మా అబ్బాయి టీవీలో ఒక పొట్టి చిత్రం పెట్టాడు. పేరు "క్రిస్మస్ ఎట్ మూస్ ఫ్యాక్టరీ". కెనడా ప్రభుత్వపు నేషనల్ ఫిల్మ్ బోర్డు 1971లో విడుదల చేసింది. తీసినావిడ అలానిస్ ఒబోంసావిన్. అబెనాకి అనే అక్కడి ఆదివాసి జాతి స్త్రీ, అప్పటికి గాయనిగా పేరున్న మనిషి. ఇదే ఆమె మొదటి చిత్రం. తరవాత యాభైకి పైగా తీసింది.

నటీనటుల్లేరు. సెట్టింగుల్లేవు. చిన్నపిల్లలు రంగు బలపాలతో గీసిన బొమ్మలు, వెనకాల పిల్లల గొంతు, అంతే. మంచు, కుక్కలు, చర్చి, ఇళ్ళల్లో పండుగ సందడి. ఆ బొమ్మలు గీసింది జేమ్స్ బే అనే ఉత్తర సముద్రపు కొస దగ్గర ఒక వసతి బడిలో ఉన్న క్రీ జాతి పిల్లలు. మన సినిమాల్లో కోటి రూపాయల పాటకి కదలని మా మనవరాలు దాన్ని రెండుసార్లు చూసింది. "ఈ ఊరు నిజంగా ఉందా?" అని అడిగింది, వాళ్ళ నాన్నని.

"ఉంది. రోడ్డు లేదు. రైల్లో వెళ్ళాలి" అన్నాడు మావాడు.

"అయితే వెళదాం" అన్నాం నేనూ పిల్లా ఒక్కసారే. వారం తరవాత ఇద్దరం కలిసి అన్న మొదటి మాట అది!

సినిమా పత్రికలో రాస్తున్నాను గనక ఇంకో ముక్క. ప్రపంచంలో డాక్యుమెంటరీ చిత్రాలకి ఆద్యుడని చెప్పే రాబర్ట్ ఫ్లహర్టీ, "నానూక్ ఆఫ్ ది నార్త్" తీసిన మనిషి, 1910లో మొదటిసారి ఉత్తరాదికి బయల్దేరినప్పుడు ఈ మూస్ ఫ్యాక్టరీ మీదుగానే వెళ్ళాడు. అప్పటికి ఇక్కడికి రైలు లేదు. నదుల మీద పడవలో దిగాడు. అతనికి అప్పటికి సినిమా ఊసే లేదు, ఖనిజాల కోసం వెతుకుతున్నాడు. ఆ కాలంలోనే మా బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు బొమ్మా మాటా కలిపి చూపించే యంత్రం కొని ఊరూరా తిప్పుతున్నారు. ఎక్కడి బందరు, ఎక్కడి మూస్ ఫ్యాక్టరీ అనుకున్నాను అప్పుడు. ఎంత దగ్గరో ఆ తరవాత తెలిసింది.

ఎర్రబస్సుకి చెల్లెలు

టొరొంటో నుంచి కాక్రేన్ దాకా ఒకప్పుడు రైలుండేది. 2012లో ఆపేశారు. మళ్ళీ నడుపుతామని ప్రభుత్వం ప్రకటించింది గాని, మేం వెళ్ళేనాటికి రాలేదు. కాబట్టి కారే గతి. పదకొండో నంబరు హైవే పట్టుకుని దాదాపు ఏడువందల కిలోమీటర్లు. మధ్యలో కోబాల్ట్ అనే ఊరుంది. 1903లో ఈ రైలుమార్గమే వేస్తుంటే అక్కడ వెండి బయటపడిందిట. పొలాలకీ అడవికీ అని మొదలుపెట్టిన రైలు వెండిగని మీద పడింది! అదృష్టమంటే అదీ.

మా ఆవిడ మోకాళ్ళ నొప్పులని రాలేదు. పులిహోర మాత్రం పొట్లాలు కట్టి ఇచ్చింది. కాక్రేన్‌లో రాత్రి పడుకుని ఉదయం తొమ్మిదింటికి రైలెక్కాం. కాక్రేన్ చిన్న ఊరే. కెనడాలో సందుకొకటి ఉండే కాఫీ దుకాణాలకి పేరిచ్చిన హాకీ ఆటగాడు టిమ్ హార్టన్ 1930లో పుట్టింది ఇక్కడే.

రైలు ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వానిది. కాక్రేన్ నుంచి మూసనీ దాకా 186 మైళ్ళు, అంటే మూడువందల కిలోమీటర్లు. పట్టాలు 1932లో మూసనీ చేరాయి. యాత్రికుల కోసమని "పోలార్ బేర్" పేరుతో ప్రత్యేకంగా నడపడం 1964లో మొదలైంది.

ప్లాట్‌ఫారం మీద నిలబడగానే నాకు తెలిసిపోయింది, ఈ బండిలో ప్రయాణికులు రెండు రకాలని. కెమెరాలు మెడలో వేసుకున్నవాళ్ళం మేం. అట్టపెట్టెలు మోసుకొచ్చినవాళ్ళు వాళ్ళు. ఉల్లిపాయల బస్తాలు, పసిపిల్లల డైపర్ల కట్టలు, టీవీ పెట్టె, సైకిలు, కారు టైర్లు. వెనకాల బల్లబండ్ల మీద ఏకంగా కార్లే ఎక్కించారు. సామాను పెట్టెలోకి పడవ ఎక్కిస్తుంటే మా మనవరాలు నోరు తెరిచింది. నాకు మాత్రం ఆశ్చర్యం వెయ్యలేదు. కోడిపుంజూ, అరటిగెలా, పెళ్ళికూతురూ ఒకే టాపు కింద ప్రయాణం చేసే మన ఎర్రబస్సు చూసినవాణ్ణి. ఇది దాని చెల్లెలు.

మనకిది షికారు. వాళ్ళకిదే రోడ్డు. ఆస్పత్రి పనికైనా, సంత బేరానికైనా, శవాన్ని ఊరు చేర్చడానికైనా ఈ పట్టాలే దిక్కు. లేదా విమానం. ఆ టిక్కెట్టు ధర మామూలువాడు భరించేది కాదు.

చెట్లు పొట్టివయ్యే దారి

బండి కదిలాక కాసేపు పొలాలు, పశువుల కొట్టాలు. ఇక్కడ నేల బంకమట్టి, పూర్వం సరస్సు అడుగు. పంట పండుతుంది. తరవాత అడవి మొదలవుతుంది. నల్ల స్ప్రూస్ చెట్లు, సన్నగా, నిటారుగా, సీసాలు కడిగే బ్రష్షుల్లా. ఉత్తరానికి పోయేకొద్దీ అవి పొట్టివైపోతాయి. లేత మొక్కలనుకునేరు! మనిషెత్తు చెట్టుకి మన తాతల వయసుండొచ్చు. నేల ఏడాదిలో సగంపైన గడ్డకట్టి, మిగతా సగం నీళ్ళతో నాని ఉంటే చెట్టుకి ఎదుగుదల ఎక్కడిది?

ఆ నేలని మస్కెగ్ అంటారు. నేలా కాదు, నీరూ కాదు. వేల ఏళ్ళ నాచు కుళ్ళీ కుళ్ళకుండా పేరుకుపోయిన మెత్తటి పరుపు. కాలు పెడితే దిగబడుతుంది. దాని మీద రోడ్డు వెయ్యడమంటే మాటలా? పట్టాలు మాత్రం ఎలాగో వేశారు. అవీ ఊరుకోవు, చలికి ఉబ్బి ఎండకి కుంగుతుంటాయి. అందుకే బండి తీరుబడిగా, ఉయ్యాల ఊగినట్టు పోతుంది. లండను నగరానికీ మూసనీకీ అక్షాంశంలో చెప్పుకోదగ్గ తేడా లేదంటే నేను నమ్మలేదు. పక్కనున్న హడ్సన్ బే సముద్రం ఏడాదిలో చాలా నెలలు గడ్డకట్టి ఉండి ఊరిని ఐసుపెట్టెలా చేస్తుంది. అదీ సంగతి.

ఇక్కడ నదులన్నీ ఉత్తరానికే పారతాయి. ఆటర్ ర్యాపిడ్స్ దగ్గర కరెంటు తీసే ఆనకట్ట రైలు కిటికీకి ఎదురుగానే కనిపిస్తుంది. ఇంకాస్త పోయాక మూస్ నది మీద పొడుగాటి వంతెన.

ఒకచోట బండి ఆగింది. స్టేషను లేదు, ఇల్లు లేదు, బోర్డు మీద ఒక అంకె తప్ప ఏమీ లేదు. ఒక మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క, నాలుగు సంచులతో దిగి చెట్లలోకి నడిచిపోయారు. అక్కడెక్కడో వాళ్ళ వేట గుడిసె ఉందిట. తిరిగి రావాలంటే పట్టాల పక్కన నిలబడి చెయ్యెత్తుతారు. పల్లెవెలుగు బస్సు ఆగినట్టు రైలే ఆగుతుంది!

ఎదురు సీటు మామ్మ

మా ఎదురు సీట్లో ఒక క్రీ మామ్మ కూర్చుంది. డెబ్భై దగ్గరపడి ఉంటుంది. పక్కన ఆరేడేళ్ళ మనవడు. ఊళ్ళో డాక్టరుకి చూపించుకుని ఇంటికి పోతున్నారు. ఆవిడ వాడితో ఏదో మాట్లాడుతోంది, మెత్తగా, నీళ్ళు పారినట్టు. వాడు మధ్యమధ్య అదే భాషలో జవాబు చెబుతున్నాడు. మా మనవరాలు చెవులు నిక్కించి వింటోంది.

పులిహోర పొట్లం విప్పగానే ఇంగువ వాసన డబ్బా అంతా పాకింది. మొహమాటపడి లడ్డూల డబ్బా మామ్మ ముందు పెట్టాను. ఆవిడ ఒకటి తిని, రెండోది మనవడికిచ్చి, మూడోది సంచిలో దాచుకుంది. "మీగ్వెచ్" అంది. అంటే థాంక్స్. బదులుగా బ్యానక్ అనే రొట్టె ముక్క చేతిలో పెట్టింది. మన దిబ్బరొట్టెకి మేనత్త కూతురు అనుకోండి.

మాటలు కలిశాయి. ఇద్దరిదీ ఇంగ్లీషే గనక ఇబ్బంది లేదు. "మీ మనవడు మీ భాష భలే మాట్లాడుతున్నాడు. మా పిల్ల చూడండి, ఒక్క ముక్క రాదు" అన్నాను. ఫిర్యాదు చేసినట్టే అన్నాను.

ఆవిడ కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "వాడికి నేను నేర్పాను. నాకు మాత్రం నలభై దాటాక మళ్ళీ వచ్చింది. ఆరేళ్ళప్పుడు నన్ను బడికని తీసుకుపోయారు. అక్కడ మా మాట నోట వస్తే దెబ్బలు. ఎండాకాలం ఇంటికొస్తే అమ్మ అడిగింది అర్థమయ్యేది, జవాబు చెప్పడానికి నోరు రాదు. నోట్లో మాట ఉన్నట్టే ఉండేది. బయటికి రాదు."

నేను సినిమా సంగతి చెప్పాను. ఆవిడకి తెలుసు. "నేను అప్పటికి బయటికొచ్చేశాను. మా చెల్లెలు అక్కడే ఉంది. ఆ బొమ్మల్లో దానిది ఉందో లేదో, అడుగుదామంటే అదీ పోయింది" అంది.

కెనడాలో ఇలా వసతి బళ్ళకి తరలించిన ఆదివాసి పిల్లలు లక్షా యాభై వేలమందికి పైమాటే. ప్రధానమంత్రి 2008 జూన్ 11న పార్లమెంటులో లేచి నిలబడి క్షమాపణ చెప్పాడు. 2015లో ఒక కమిషను ఆ చరిత్రంతా విచారించి, పిల్లల భాషల్ని ఈ బళ్ళు ఎలా తుంచేశాయో గ్రంథాలకు గ్రంథాలు రాసింది.

"మీ పిల్లకి మీ మాట రాకుండా ఎవరు చేశారు?" అని అడిగింది మామ్మ. దెప్పడానికి కాదు. తెలుసుకుందామనే.

నాకు గొంతులో లడ్డూ అడ్డం పడ్డట్టయింది. ఎవరు చేశారు? మా అబ్బాయిని ఇంగ్లీషు మీడియంలో వేసింది నేను. ఆ బళ్ళో తెలుగులో మాట్లాడితే రూపాయి జరిమానా. ఆ రూపాయి ప్రతి వారం జేబులోంచి తీసి ఇచ్చినవాణ్ణీ నేనే. "వెధవా, ఇంగ్లీషు రాకపోతే ఎలా బతుకుతావురా" అని నవ్వుకుంటూ ఇచ్చేవాణ్ణి. వాళ్ళ భాషని ఎవరో బలవంతంగా లాక్కున్నారు. మా ఇంట్లో దాన్ని నేను ఫీజు కట్టి మరీ వదిలించుకున్నాను. రెండూ ఒకటేనని అనను. ఆవిడ పడ్డ బాధ ముందు నాది ఏపాటి? అయినా ఆ ప్రశ్నకి నిజమైన జవాబు అదే.

పక్కన మా అబ్బాయి పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. ఆ రూపాయలు వాడికీ గుర్తే.

బందరులో ఒక ఫ్యాక్టరీ, ఇక్కడొకటి

మధ్యాహ్నం రెండు కావస్తుంటే మూసనీ వచ్చింది. పట్టాలు అక్కడితో ఆఖరు. దాదాపు 1,500 మంది ఊరు. వీధుల్లో కార్లు తిరుగుతాయి గాని, ఊరు దాటి పోవడానికి దారి లేదు. ఇక్కణ్ణుంచి పైనున్న క్రీ పల్లెలకి, ఫోర్ట్ ఆల్బనీ, కషెచెవాన్, అట్టవాపిస్కాట్, ఎండాకాలంలో సరుకు బల్లకట్ల మీద పోతుంది. చలికాలంలో గడ్డకట్టిన నేల మీద మంచురోడ్డు వేస్తారు. ఆ రెండూ లేని నెలల్లో విమానమొక్కటే.

మూస్ ఫ్యాక్టరీ నది మధ్యలో దీవి. ఎండాకాలం పడవ, చలికాలం గడ్డకట్టిన నది మీదే కారు. మంచు కరిగే రోజుల్లోనూ, గడ్డకట్టే రోజుల్లోనూ హెలికాప్టరు! రేవులో పొడుగాటి కర్ర పడవలు మోటార్లు తగిలించుకుని టాక్సీల్లా నిలబడి ఉన్నాయి. ఎక్కాం. సముద్రం ఇరవై కిలోమీటర్ల లోపే గనక ఆటుపోట్లు ఇక్కడిదాకా వస్తాయి. మేం వెళ్ళినప్పుడు ఆటు. నది మధ్యలో పడవ ఇసుకమేట తట్టుకుని గుర్రుమంది. నేను గట్టిగా అంచు పట్టుకున్నాను. పడవవాడు నవ్వి, తెడ్డుతో ఒక్క తోపు తోశాడు. మా గిలకలదిండి రేవులో పడవలు ఇలాగే ఇసుకలో కూర్చునేవి. ఒక్కసారిగా ఇల్లు గుర్తొచ్చింది.

దీవి మీద ఫ్యాక్టరీ ఏదీ, పొగగొట్టం ఏదీ అని వెతికాడు మావాడు. ఇంజనీరు బుద్ధి! నేను బందరువాణ్ణి గనక నాకు తెలుసు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అంటే వస్తువు తయారు చేసే చోటు కాదు. కంపెనీ తరఫు వర్తకుణ్ణి ఫ్యాక్టర్ అనేవాళ్ళు. అతను కాపురముండి బేరాలు చేసే కొట్టు ఫ్యాక్టరీ. ఈస్టిండియా కంపెనీ 1611లో మా మచిలీపట్నంలో పెట్టింది అలాంటి ఫ్యాక్టరీనే. అరవై రెండేళ్ళ తరవాత, 1673లో, హడ్సన్స్ బే కంపెనీ ఇక్కడ పెట్టింది. లండనులో కూర్చున్న కంపెనీలే రెండూ. మా దగ్గర అద్దకం బట్టలు కొన్నారు. ఇక్కడ బీవరు తోళ్ళు కొన్నారు, దొరల టోపీలకి. ఈస్టిండియా కంపెనీ ఎప్పుడో పోయింది. 1670లో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ పెద్ద బట్టల దుకాణాలుగా మారి మొన్న మొన్నటిదాకా బతికి, 2025లో అన్నీ మూసేసింది.

మర్నాడు ఉదయం రైలు మామ్మ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. దీవి చూపిస్తానంది. కంపెనీ ఉద్యోగుల పాత చెక్క ఇల్లు, సమాధుల తోట చూశాం. సెయింట్ థామస్ చర్చి దగ్గర ఆగాం. 1864లో మొదలుపెట్టి కట్టిన చెక్క చర్చి. దాని నేలబల్లలకి చిల్లులు పెట్టి బిరడాలు బిగించారుట. ఎందుకనుకున్నారు? వసంతంలో మంచు పగిలి నదికి వరదొస్తే, ఆ బిరడాలు తీసేసి నీటిని లోపలికి రానిస్తారు. లేకపోతే చర్చి మొత్తం పడవలా తేలి కొట్టుకుపోతుంది!

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అదే 1864లో, నవంబరు ఒకటిన, మా బందరు మీద ఉప్పెన పడి ముప్ఫైవేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన నా కళ్ళతో చూశాను. నీటిని లోపలికి రానిచ్చి ఇంటిని కాపాడుకునే తెలివి ఎంత దుఃఖం పడితే వస్తుందో సముద్రం ఒడ్డువాళ్ళకి తెలుస్తుంది. ఇక్కడివాళ్ళకి ఆ భయం ఇంకా పోలేదు. పైనున్న కషెచెవాన్ ప్రజల్ని దాదాపు ప్రతి వసంతంలోనూ విమానాల్లో తరలిస్తూనే ఉన్నారు.

నాలుగు దిక్కుల అక్షరం

ఊళ్ళో బోర్డుల మీద ఇంగ్లీషు పక్కన వింత గుర్తులు కనబడ్డాయి. త్రికోణాలు, కొక్కేలు, వంకర గీతలు. "ఇవేంటి, లెక్కలా?" అంది మా మనవరాలు. అది క్రీ లిపి. 1840లో జేమ్స్ ఎవాన్స్ అనే మిషనరీ అచ్చువేశాడు. ఇది మాకు ముందునుంచీ ఉన్న విద్యే అని క్రీ పెద్దల్లో కొందరంటారు. మూస్ ఫ్యాక్టరీకి ఆ లిపిలో పుస్తకాలు అచ్చువేసి పెట్టినవాడు జాన్ హార్డెన్. 1851లో చర్చ్ మిషనరీ సొసైటీ పంపితే వచ్చాడు. ఆ సొసైటీ పేరు వినగానే ఉలిక్కిపడ్డాను. మా బందరుకి 1841లో రాబర్ట్ నోబుల్‌ని పంపిందీ వాళ్ళే. ఆయన పెట్టిన బడే నేను చదివిన నోబుల్ కాలేజీ అయింది.

హార్డెన్ క్రీ నేర్చుకుని, క్రీలో పుస్తకాలు వేశాడు. ఆయన పోయాక ఆయన పేరు పెట్టిన వసతి బడి ఇదే దీవి మీద వెలిసింది. పిల్లల్ని ఇళ్ళనుంచి విడదీసిన ఆ బళ్ళ వ్యవస్థలో అదీ ఒకటి. 1976లో మూతపడింది. పుస్తకం అచ్చువేసినవాడి పేరునే, ఆ పుస్తకం చదవగలిగిన ఇంటికి పిల్లల్ని దూరం చేసిన బడికి పెట్టారు. చరిత్ర ఇలాంటి హాస్యాలు చాలా ఆడుతుంది.

మామ్మ ఏటిఒడ్డున ఇసుకలో పుల్లతో ఒక గుర్తు గీసింది, రెండు గీతలు కలిసిన మొన. "మొన పైకుంటే పి. కిందికుంటే పే. కుడికి తిప్పితే పొ. ఎడమకి తిప్పితే ప. హల్లు అదే. దిక్కు మారితే అచ్చు మారుతుంది" అంది.

"అరే, గుణింతం!" అన్నాను పైకే. ఎవాన్స్‌కి దేవనాగరి లిపి పోకడ తెలుసని, అందుకే ఈ పోలిక వచ్చిందని పండితులు చెబుతారని తరవాత చదివాను.

మా మనవరాలు పుల్ల లాక్కుంది. నాలుగు మొనలూ నాలుగు వైపులా గీసింది. మామ్మ మనవడు తప్పులు దిద్దాడు. పెద్దవాళ్ళం దూరంగా నిలబడి దోమలు కొట్టుకుంటున్నాం. బందరు దోమకి దీటైన దోమ భూమ్మీద లేదని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఆ గర్వం అక్కడ అణిగింది.

వెళ్ళాలనుకునేవారికి

నాలుగు మాటలు. ఎండాకాలం వెళ్ళండి, దోమతెర టోపీ మాత్రం మరిచిపోవద్దు. టిక్కెట్టూ, దీవిలో గదీ ముందే చెప్పి పెట్టుకోండి. అదే రోజు సాయంత్రం తిరుగు బండిలో రావచ్చు గాని, రావద్దు. రెండు మూడు గంటల్లో ఊరు చూసినట్టవుతుంది గాని మనిషిని చూసినట్టవదు. అడగకుండా ఎవరి ఫోటోలూ తియ్యకండి. రైల్లో ఏ సామాను పెట్టె మీదా కాలు పెట్టకండి. అందులో ఎవరి పెళ్ళిబట్టలున్నాయో, ఎవరి మందులున్నాయో!

సాయంత్రం అయిదింటికి తిరుగు బండి. మామ్మ రేవుదాకా వచ్చింది. "వాచియే" అంది. కలిసినప్పుడూ, విడిపోయినప్పుడూ అదే మాటట. మా పిల్ల కూడా అంది. తరవాత ఆలోచించి, చేతులు జోడించి "నమస్కారం" అని కూడా అంది. ఎవరూ చెప్పలేదు.

ఉత్తరాదిన జూలైలో చీకటి పడటానికి తొమ్మిదిన్నర దాటుతుంది. పొట్టి చెట్లు మళ్ళీ పొడుగవుతున్నాయి. పిల్ల కాగితం తీసి క్రీ మొనలు గీసుకుంటోంది. నేను నోరు మెదపలేదు, ఒట్టు. అరగంట తరవాత తనే అడిగింది.

"తాతయ్యా, మన 'ప' ఎటు తిప్పితే 'పి' అవుతుంది?"

"తిప్పక్కర్లేదమ్మా. దాని నెత్తిమీద గుడి పెట్టాలి."

"గుడి అంటే టెంపుల్ కదా?"

"ఆఁ. అదే గుడి. చిన్నది."

కాక్రేన్ చేరేసరికి ఆరక్షరాలు వచ్చాయి. మిగిలిన రెండు నెలల్లో ఇంకో పదిహేను. అంతకంటె కాలేదు. అద్భుతాలు సినిమాల్లో జరుగుతాయి, మా ఇళ్ళల్లో కాదు. ఒక రాత్రి మా అబ్బాయి దాని పక్కన కూర్చుని తనూ దిద్దుతున్నాడు. వాడికీ 'ఱ' దగ్గర ఆగిపోతుంది.

బందరు వచ్చిన నాలుగు నెలలకి టొరొంటో నుంచి ఒక కార్డు వచ్చింది. ముందువైపు రంగు బలపాలతో రైలు, చెట్లు, కిటికీలో ఒక మీసాల ముసలాయన. వెనకవైపు తెలుగులో ఒకే ఒక్క మాట, "తాతయ". వత్తు ఎగిరిపోయింది.

జరిమానా వెయ్యలేదు.